కల్వర్టు దాకా

జూన్ 18
ఈ నోటుబుక్కు నా మనవరాలు ఈశ్వరి ఇచ్చింది. తొమ్మిదో క్లాసు సైన్సు బుక్కు. వెనక సగం ఖాళీ. తాతా, నువ్వెలాగూ ఎవలితోనీ మాటాడవు, ఇందల రాసుకో అంది. నేను చదివింది ఐదో క్లాసు. ఏం రాయాలో తెలీదు.
ఈ ఏడు దానికి టెన్త్. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ టెన్త్ పాసవలేదు.

జూన్ 19, ఉదయం 8
దింపి వచ్చాను. కాన్వెంటు టెక్కలిలో. ఒక్క పిల్ల కోసం మా ఊరికి బస్సు తిప్పరట. ఆరున్నరకి మెయిన్ రోడ్డు జంక్షన్‌లో ఆగుతుంది. అక్కడిదాకా ఆరు కిలోమీటర్లు. నా సైకిలు మీద తీసుకెళ్తాను. దారంతా ఉప్పు మళ్లు. వెనక కూర్చుని ఇంగ్లీషు పాఠం పైకి చదువుతుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. అయినా అది వింటుంటే తొక్కినట్టే ఉండదు.
తిరిగొచ్చి అదే సైకిలుకి గంప కట్టి, రేవులో చేపలు తీసుకుని నాలుగు ఊళ్లు తిరుగుతాను. కళ్లకి శుక్లాలు. వేట మానేసి ఆరేళ్లయింది.

జూలై 4
వారం నుంచి ఒకటే పాఠం. గ్రీన్ ప్లాంట్స్ మేక్ దెయిర్ ఓన్ ఫుడ్. చేపలు అమ్ముతూ నేనూ అదే అనుకుంటున్నాను. ఆకుపచ్చ గుమ్మం ఇంటామె, ఏటి మావా, కొత్త సేప పేరా అంది. సిగ్గేసింది.

జూలై 20
ఈశ్వరి మంచినీళ్ల సీసా సైకిలుకే మరిచిపోయి బస్సు వైపు నడిచింది. నేను టీ కొట్టు చుట్టూ పరిగెత్తి, ఎదురొచ్చి ఇచ్చాను. బస్సులో పిల్లలు నవ్వారు. ఇదీ నవ్వింది. ఏటి తాతా, ఒక్క కేకేస్తే ఆగనా అంది.
వెయ్యలేను. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. మా వాళ్లలో అది గట్టి పట్టింపు. ఏదైనా మరిచిపోతే చుట్టూ తిరిగి ఎదురెళ్లి ఇవ్వాలి. పిలిస్తే మటుకు ఆ మనిషి ఆ రోజుకి పడవ ఎక్కకూడదు. ఇంటికి వచ్చెయ్యాలి. మా అన్న అప్పలసూరిని మా అమ్మ పిలిచింది. అన్నం మూట మరిచిపోయాడని. అన్న నవ్వుతూ వచ్చి, మూట తీసుకుని, మళ్లీ వెళ్లి తెప్ప ఎక్కాడు. అంతే. తెప్ప ఒక్కటే వచ్చింది. నాకప్పుడు పదకొండేళ్లు.
ఇది ఈశ్వరికి చెప్పాను. ఇంత పొడుగు మాట ఈ మధ్య ఎవరితోనూ చెప్పలేదు. అది నవ్వడం ఆపేసింది.

ఆగస్టు 9
కోడలు భారతి వేళ్లు పాచిపోయాయి. రొయ్యల కంపెనీలో ఐసులో చేతులు పెట్టి తలలు తీసే పని. గోళ్ల చుట్టూ చీము. చెయ్యి తడవకూడదన్నాడు డాక్టరు. పని మానిపించాం. నా కొడుకు ధనరాజు గుజరాత్‌లో వెరావల్ బోటు మీద ఉన్నాడు, సీజను అయ్యేదాకా రాడు. ఫోన్లో చెప్పొద్దంది.

ఆగస్టు 14
ఈ రోజు ఈశ్వరి కల్వర్టు దగ్గర సైకిలు ఆపమంది. జంక్షన్ ఇంకా రెండు వందల అడుగులుంది. రోడ్డు అక్కడ సరుగుడు తోట పక్కన వంపు తిరుగుతుంది. కల్వర్టు మీంచి జంక్షన్ కనపడదు.
తాతా, రేపట్నించి ఈడే దింపీ. సైకిలు సేపల కంపు కొడతన్నాది, బస్సులో అందరూ ముక్కు మూసుకుంటన్నారు అంది. నా వైపు చూడకుండా అంది.
సరే అన్నాను.

ఆగస్టు 15
సైకిలు బూడిదతో తోమాను. నిమ్మడిప్పలతో తోమాను. క్యారియర్ సీటు విప్పి ఎండలో పెట్టాను.

ఆగస్టు 17
గంప ఇక సైకిలుకి కట్టను. నెత్తి మీద పెట్టుకుని నడుస్తాను. నడిస్తే ఒక్క ఊరే అవుతుంది. మిగతా మూడు ఊళ్లు మానేశాను. మోకాలు పోయిందని భారతికి చెప్పాను. ఆమె తన వేళ్లకేసి చూసుకుంది.

సెప్టెంబర్ 3
కల్వర్టు మీద నిలబడి హారన్లు వింటాను. ముందు కంపెనీ బస్సు వస్తుంది, రెండు పొట్టి హారన్లు. మా ఊరి ఆడవాళ్లు ఆటోలో వచ్చి అది ఎక్కుతారు. పది నిమిషాలకి కాన్వెంటు బస్సు, ఒక పొడుగు హారన్. అది విన్నాక ఇంటికి బయల్దేరతాను.
స్పెషల్ క్లాసులట. ఈశ్వరి ఇల్లు చేరేసరికి రాత్రి ఏడవుతుంది.

సెప్టెంబర్ 27
పాఠం చదవడం మానేసింది. నా వీపుకి తల ఆనించి నిద్రపోతుంది. పడిపోకుండా ఒక చెయ్యి వెనక్కి పెట్టి పట్టుకుంటాను. ఒంటి చేత్తో తొక్కడం అలవాటైంది. గుంతలన్నీ గుర్తుపెట్టుకున్నాను.

అక్టోబర్ 8
సాయంత్రం దాని జడ దగ్గర రొయ్యల వాసన. అంటే సైకిలు ఇంకా శుభ్రపడలేదు. మళ్లీ తోమాను. రంగు పోయింది.

నవంబర్ 5
ఈ రోజు పొడుగు హారన్ వినపడింది కానీ బస్సు ఆగిన చప్పుడు లేదు. తిన్నగా వెళ్లిపోయింది. పిల్లకి బస్సు తప్పిందేమోనని నిలబడ్డాను. వెనక్కి రాలేదు. ఎక్కేసి ఉంటుంది. చెవులు కూడా పోతున్నాయి నాకు.

నవంబర్ 19
మెలకువగానే ఉంది. ఏదైనా చదవమ్మా అన్నాను. చదివింది. గ్రీన్ ప్లాంట్స్ మేక్ దెయిర్ ఓన్ ఫుడ్.
జూలై పాఠం. దాని తరవాత వచ్చే ముక్క కూడా నాకు వచ్చు. మధ్యలో అది ఆగిపోతే నేనే అందించాను. అది నవ్వలేదు. నా చొక్కా గట్టిగా పట్టుకుంది.
రివిజన్ కాబోలు.

డిసెంబర్ 6, ఉదయం
మంచు. క్యారేజీ హ్యాండిల్‌కే ఉండిపోయింది. అప్పటికే ఈశ్వరి వంపు దాకా వెళ్లింది. మధ్యాన్నం ఏం తింటుంది? పిలవలేను. ఉప్పు మళ్ల గట్టు మీదగా సరుగుడు తోటలోంచి అడ్డంగా నడిచాను, ఎదురెళ్లి ఇద్దామని. టీ కొట్టు టార్పాలిన్ వెనక్కి చేరాను.
అది టై విప్పి సంచిలో పెట్టింది. యూనిఫాం మీద అమ్మ పాత చున్నీ కప్పుకుంది. మెడలో ఒక కార్డు వేసుకుంది. ఫొటో వైపు లోపలికి తిప్పుకుంది. రెండు పొట్టి హారన్లు. ఓసే గుంటా, బేగెక్కు, నిన్న నీవల్లే లేటయినాది అని లోపల్నించి నారాయణమ్మ గొంతు. మా వీధి ఆమె. అందరూ నవ్వారు. ఈశ్వరి కూడా నవ్వుతూ ఎక్కింది. అలవాటైన నవ్వు.
నేను క్యారేజీ పట్టుకుని నిలబడ్డాను. పొడుగు హారన్ వచ్చింది. ఆగకుండా వెళ్లింది.

డిసెంబర్ 6, సాయంత్రం 4
క్యారేజీ భారతి ముందు పెట్టాను. ఆమెకి అర్థమైంది. చేతులు పైట కింద దాచుకుంది.
నా కంపెనీ కార్డు మీదే ఎల్తన్నాది మావా అంది. మాస్కూ టోపీ ఏసుకుంటే ఆడ తల్లెవలో కూతురెవలో ఎవలికీ తెలీదు. నా సేతులు మానీదాకా పది రోజులనుకున్నాం. ఈలోగా నీకు మోకాలు పోయినాదని మూడూళ్లు మానేసినావు. ఇంక దాన్ని మానిపించడం ఎలాగ? దాని మీదే గడుస్తన్నాది.
నేను క్యారేజీ మూత నొక్కి పెట్టాను.
నీకు సెప్పొద్దని అదే అంది. పొద్దున్నే దాన్ని సైకిలెక్కించుకున్నప్పుడు నీ మొకం ఎలాగుంటాదో నువ్వు సూసుకోవు కదా. ఆ కంపు మాట అన్ననాడు అది అన్నం తిన్నేదు.
ఊరందరికీ తెలుసట. నేనెవరితోనూ మాట్లాడను కదా.
నా మోకాలికి ఏమీ కాలేదని చెప్పాలి. చెప్పకుండానే లేచి సైకిలు లోపల పెట్టాను.

డిసెంబర్ 7
దింపి వచ్చాను. తెలిసినట్టు చెప్పలేదు.

డిసెంబర్ 8
దింపి వచ్చాను.

డిసెంబర్ 15
దాని వేళ్లు చూశాను. నిద్రలో నా చొక్కా పట్టుకున్నప్పుడు. చూపుడు వేలు గోరు నల్లబడింది.

డిసెంబర్ 21
కాన్వెంటు నుంచి ఫోనొచ్చింది. భారతి మాట్లాడింది. పిల్ల కామెర్లతో మంచం పట్టిందని ఇన్నాళ్లూ చెప్పుకొచ్చిందట. క్రిస్మస్ సెలవులయ్యాక జనవరి రెండున తెరుస్తారు. ఆ రోజు వస్తే పరీక్షకి పేరు ఉంచుతారట, రాకపోతే తీసేస్తారట. భారతి సరేనండీ, సరేనండీ అంది. ఫోను పెట్టేసి, ఇప్పుడది ఎల్లనంటాది మావా అంది. నన్ను పంపీసి నువ్వు మళ్లీ ఐసుల చెయ్యెడతావా అంటాది. నాను సెప్పగా సెప్పగా అలిసిపోనాను. నువ్వు సెప్పరాదా, నీ మాటయితే ఇంటాది అంది.

డిసెంబర్ 23
సెలవుల్లోనూ స్పెషల్ క్లాసులంటూ బయల్దేరుతోంది. మూడు సార్లు చెప్పబోయాను. ఉప్పు మళ్ల దగ్గర ఒకసారి. దారిలో రైలు గేటు దగ్గర ఒకసారి. కల్వర్టు దగ్గర ఒకసారి. వెళ్లొస్తాను తాతా అంది. మంచిదమ్మా అన్నాను.

డిసెంబర్ 28
సైకిలుకి గంప కట్టాను. నాలుగు ఊళ్లూ తిరిగి వచ్చాను. తొక్కేసరికి ఒళ్లు హూనమైంది కానీ మోకాలు బాగానే ఉంది. ఏటి మావా, సచ్చిపోయినావనుకున్నాం అంది ఆ ఆకుపచ్చ గుమ్మం ఇంటామె. బతికే ఉన్నాను అన్నాను.
ఈశ్వరి ఇంటికొచ్చి గంప చూసింది. దగ్గరకొచ్చి తాడు ముడి ముట్టుకుంది. తాతా, కంపు కొడతాదేమో అంది చిన్నగా.
కొట్టనీ అన్నాను.
అది లోపలికి వెళ్లిపోయింది. అప్పుడైనా మిగతాది చెప్పాల్సింది, నాకు తెలుసని, రెండున బడికి వెళ్లమని.

జనవరి 1
యూనిఫాం ఉతికి ఆరేసింది. రోజూ అదే కదా వేసుకుని వెళ్లేది. చున్నీ కూడా ఉతికింది. రెండూ ఒకే తాడు మీద.

జనవరి 2
కల్వర్టు దగ్గర ఆపాను. దిగింది. వెళ్లొస్తాను తాతా అంది. నడిచింది. వంపు దాకా వెళ్లింది.
ఈశ్వరీ అన్నాను. వెనక నుంచి.
ఆగింది. తిరగలేదు.
రెండు పొట్టి హారన్లు. మళ్లీ రెండు. తరవాత కంపెనీ బస్సు వెళ్లిపోయిన చప్పుడు. పొడుగు హారన్‌కి ఇంకా పది నిమిషాలుంది.
అది అలాగే నిలబడి ఉంది. నేనూ.