పత్తి చేలో చెప్పిన మాట

వినీల మేడమ్‌కు, ఇల్లందు దగ్గరి తండా నుంచి నమస్కారం.

ఆసియా దేశాల మీద అమెరికా పెత్తనం గురించి మీరు తీసిన డాక్యుమెంటరీని నిన్న మా బడిలో తెర కట్టి చూశాం. మా చేనుకు వచ్చిన రోజు మీకు గుర్తుందా? కెమెరాలో సరిగ్గా పడలేదని, ఏరిన పత్తిని మళ్ళీ కాయల్లో దోపించి ఇంకోసారి ఏరించారు. కూలికి వచ్చినవాళ్ళు ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్వుతున్నారు. అయినా ఓర్చుకున్నాను. అమెరికా పత్తి బేళ్ళు ఓడల్లో దిగుతున్నాయని చెప్పి ఇక్కడి సేట్లు మా పత్తి ధర ఎట్లా దించారో రెండు గంటలు నిలబడి మీకు విడమరిచి చెప్పాను.

తీరా చూస్తే, సినిమాలో నేను నోరు తెరవగానే ఎవరో అమెరికా ప్రొఫెసర్ ఇంగ్లీషులో అందుకున్నాడు. నా పెదవులు కదులుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం ఆయనది. పక్కనున్న మా ఆడబిడ్డ సువర్ణ, "వదినా, ఏంది గిది? నోరేమో నీది, మాటేమో గాయనది!" అంది. బడంతా నవ్వులే. ఆ పెత్తనం గురించే కదా మేడమ్, మీరు సినిమా తీసింది!

మా పత్తి కొనే సేటు కూడా చూశాడట. పొద్దున్నే ఫోన్ చేసి, "నా మీద ఏం చెప్పినవమ్మా, ఆ అమెరికా దొరతోని?" అని గద్దించాడు. సోమవారం పత్తి ఎత్తుకుని ఆయన కాంటా దగ్గరికే పోవాలి.

అందుకే అడుగుతున్నాను. మీ సినిమాలో నేనేం చెప్పానో జల్దీ తెలుగులో రాసి పంపండి.

ఇట్లు,
పత్తి రెండుసార్లు ఏరినామె