గానుగ దగ్గర రాయి

బావా,

నువ్వు పోయాక, నువ్వు లేకుండా ఈ ఏడు బెల్లం వండాం. నీకో కబురు చెప్పాలి. మన చెరుకు పొలాల పక్కన ఇళ్ల లేఅవుట్ ఇక రాదు.

కంపెనీవాళ్లు ప్లాట్లకు హద్దురాళ్లు పాతి, మన కాలవలో మట్టి పోసేశారు. కింది పొలాలకు నీళ్లు ఆగిపోయాయి. ఊరంతా కలిసి అర్జీ పెట్టాం. విచారణకు ఆఫీసరమ్మ మునగపాక వచ్చి, పంచాయతీ ఆఫీసుకు రమ్మని ఫోన్ చేసేసరికి పెనం పొయ్యి మీద ఉంది. మా అక్క ఫోన్ లాక్కుని చెప్పేసింది.

"పాకాన్నొగ్గీసి ఎలగొత్తామమ్మా? మీరే ఇలగ రండి."

ఆవిడ నిజంగానే వచ్చింది, కంపెనీ మేనేజర్‌ని వెంటబెట్టుకుని. గానుగ దగ్గరికొచ్చినవాళ్లకు వేడి బెల్లం పెట్టకుండా పంపడం మన ఇంటా వంటా లేదు కదా. అక్క ఇద్దరికీ అరిటాకు ముక్కల్లో పెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"ఈడిక్కూడానా?" అన్నాను.

"తిననీరా. గానుగకాడికొచ్చినోడు సుట్టమే."

అతగాడు అడిగి మరీ రెండోసారి తిన్నాడు. ఆవిడ మాత్రం ఆకు చేత్తో పట్టుకునే కాలవ గట్టు మీదికి వెళ్లి, మట్టి పోసిన చోట చాలాసేపు నిలబడింది.

లేఅవుట్‌కి అనుమతి ఇవ్వలేదు. మట్టి తీయించారు, నీళ్లొచ్చాయి. హద్దురాళ్లు మేమే పీకాం.

ఏటా పాకం ముదిరేదాకా పెనం దగ్గర నడుం పట్టుకుని నిలబడి, "కూకోడానికో రాయైనా ఎయ్యండ్రా" అని తిట్టేవాడివి. ఆ పీకిన రాళ్లలోదే ఒకటి వేశాం బావా, పొగ తగలని వైపు.

దాని మీద ఇంకా ఎవరం కూర్చోలేదు.