అన్న కర్రకు కొత్త గుడ్డ

బుధవారం రాత్రి

...అయినా అన్న హాకీ కర్ర ఇవ్వకుండా ఉండాల్సింది. మా ఊరి పాత ఆటగాడు యాదగిరన్న పోలీసుల హాకీ టీముకు మేనేజర్ అయ్యాడని ఈరోజు గ్రౌండులో ఒకటే గోల.

"మనోడే మేనేజర్! ఇగ బంతికి గూడ సెల్యూట్ కొట్టాలె!"

అతనితో ఆడినవాళ్ల కర్రలన్నీ పైకెత్తి, వాటి కింద నుంచి అతన్ని నడిపించారు. మా అన్న కర్ర అడిగితే నేనూ సంబరంగా ఇచ్చాను. అటక మీద దాక్కున్న అన్న పొద్దుపోక మొన్ననే దాని పిడికి కొత్త గుడ్డ చుట్టాడని గుర్తే లేదు.

కమ్యూనిస్టుల సంఘంలో తిరిగినవాళ్ల కోసం మిలిటరీ ఇల్లిల్లూ వెతుకుతోంది. అన్న బొంబాయి పోయాడని ఊరందరికీ చెప్పాం.

యాదగిరన్న ఆ కర్ర దగ్గర ఆగి, పిడిని బొటనవేలితో తడిమాడు.

"గీ కొత్త గుడ్డ ఎవరు చుట్టిన్రు చెల్లె?"

"నేనే అన్నా."

"గిట్ల ఎడమకు తిప్పి చుట్టేది మీ అన్న ఒక్కడే."

ఆ మాటని ముందుకు నడిచాడు. ఇంగ్లీషు స్కూల్లో డిబేట్లు గెలిచే నేను ఒక్క అబద్ధం సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు అతను ఎవరికైనా...

తలుపు కొడుతున్నారు.

"చెల్లె, నేనే, యాదగిరిని. ఒక్కన్నే వచ్చిన. జర తలుపు తియ్."

అటక మీద చప్పుడు ఆగిపోయింది. ఈ కాగితాలు జొన్నల కింద