టైలరమ్మ పిల్లి

అమ్మలూ,

గురువారం మన పిల్లి బూడిదోడు పోయినప్పుడు పక్కింటి టైలరమ్మ మీదికి వెళ్లాను. "మీ రౌడీ పిల్లి కరవబట్టే పోయాడు" అన్నాను. "గోడ దూకొద్దంటే పిల్లి వింటుందా టీచరమ్మా? మీ క్లాసు పిల్లలే మీ మాట వినరు" అంది. ఒళ్లు మండి, అది ఇక్కడుంటే ఊరుకోనన్నాను. మర్నాడే ఆవిడ దాన్ని చెల్లెలింటికి పంపేసింది.

బూడిదోడి రక్తపరీక్ష రిపోర్టు వచ్చిందని నిన్న పశువుల డాక్టరు ఫోన్ చేశాడు. మనవాడికి మూత్రపిండాలు చెడిపోయాయట. కాటుతో సంబంధమే లేదట. బడిలో ఇద్దరు కొట్టుకుంటే ఇద్దరి మాటా వినందే ఎవరినీ ఏమీ అనను. ఇంటి దగ్గర ఆ ఓపిక లేకపోయింది.

కాలేజీ నుంచి రాగానే బూడిదోడి బుట్ట ఆవిడకిచ్చి, అందులో పిల్లిని తెచ్చుకోమను. డాక్టరు చెప్పింది దాచకు. నాకు పరీక్ష డ్యూటీ, చీకటి పడ్డాక వస్తాను. నీ భోజనం పొయ్యి పక్కన మూత పెట్టి ఉంది.

అమ్మ

నా తరఫున క్షమాపణ మాత్రం నువ్వు చెప్పకు, అది నేనే చెప్పాలి. పొద్దున గేటు దాకా వెళ్లాను. లోపల మిషను చప్పుడు వినిపించింది. పిలవలేక వెనక్కి వచ్చేశాను. ఇంకా చెప్పలేదు.