నేను మూసిన ఇంజన్

జూన్ 9, సోమవారం

నాన్నకు నిన్న ఏం తిన్నాడో గుర్తుండదు. మా రిపేరు షెడ్డు మూలన ముసుగేసి ఉన్న పాత బ్రిటిష్ ట్విన్ బైక్ చప్పుడు మాత్రం గుర్తుందట. ఒక్కసారి వినిపించమని నెల రోజులుగా నా ప్రాణం తీస్తున్నాడు. ఇరవై రెండేళ్ళు ఆ ముసుగు మీద చెయ్యి వెయ్యనివ్వని మనిషి కూడా ఈయనే.

అన్నయ్య పడింది ఆ బండి మీద నుంచే. వంతెన దిగుతుండగా ఇంజన్ పట్టేసింది, వెనక చక్రం లాక్ అయింది, ఎడమ మోకాలు నుజ్జయింది. నూనె ట్యాంకు పగిలి ఖాళీగా దొరికింది. నూనె చూసుకోకుండా వెళ్ళాడని నాన్న అక్కడికక్కడే తేల్చేశాడు. అలాంటివాడు నా షెడ్డులో స్పానర్ ముట్టుకోవడానికి వీల్లేదన్నాడు. అన్నయ్య మందుల షాపులో చేరాడు. షెడ్డు నాకొచ్చింది.

జూన్ 11

పగిలిన ట్యాంకుకు వెల్డింగ్ పెట్టించాను. కొత్త నూనె పోసి, నూనె ప్రెషర్ గేజ్ ఒకటి బిగించి కిక్ కొట్టాను. అప్పుడు పట్టేసిన ఇంజన్ చల్లారాక వదిలేసినట్టుంది, కిక్ తిరిగింది. తొమ్మిదో కిక్కుకు లేచింది. నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. నేను గేజ్ చూస్తున్నాను. మొదట్లో నలభై. వేడెక్కేకొద్దీ ఇరవై, పద్నాలుగు, ఎనిమిది. కింద నుంచి టకటకమని శబ్దం. వెంటనే ఆపేశాను.

వేడి మీద కూడా యాభై దాకా ఉండాలి. ట్యాంకు నిండా నూనె ఉంది. మరి ప్రెషర్ ఎటు పోతోంది?

విప్పకుండా రోగం పేరు చెప్పకూడదు. నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అది.

జూన్ 12, ఉదయం 11:20

రిలీఫ్ వాల్వ్ బాగుంది. పంపు బాగుంది. ఇంజన్ పక్కనుండే టైమింగ్ కవర్ విప్పాను.

క్రాంక్ చివర కూర్చునే సీల్, నూనె కారకుండా ఆపే రబ్బరు రింగు, తిరగేసి ఉంది.

మామూలు బండ్లలో సీల్ నోరు ఇంజన్ లోపలి వైపు ఉంటుంది. దీంట్లో నూనె కవర్ వైపు నుంచి క్రాంక్‌లోకి వెళ్తుంది కాబట్టి నోరు కవర్ వైపు ఉండాలి. తిరగేస్తే నూనె క్రాంక్‌లోకి పోకుండా పక్కనుంచి కిందికి జారిపోతుంది. ట్యాంకు నిండా ఉన్నా బేరింగులు ఎండిపోతాయి. రోజూ మామూలు బండ్లు చేసే చెయ్యి అలవాటు కొద్దీ చేసే తప్పు.

ఎవడో తెలివైనవాడు అని నవ్వుకున్నాను కూడా.

11:45

మా షెడ్డులో ఇంజన్ మూసినవాళ్ళు కవర్ లోపల పంచ్‌తో చుక్క కొట్టాలి. నాన్నది ఒకటి. అన్నయ్యది రెండు. నాది మూడు.

గుడ్డతో తుడిచాను.

మూడు.

సాయంత్రం

మధ్యాహ్నం వచ్చిన రెండు స్కూటర్లనూ వెనక్కి పంపేశాను.

అన్నీ గుర్తొస్తున్నాయి. నాకు పంతొమ్మిది. అన్నయ్యకు జ్వరం. కవర్ నేనే మూస్తానని పట్టుబట్టాను. నాన్న చూస్తానంటే, అన్నీ మీరే చూస్తే నేనెప్పుడు నేర్చుకుంటానని ఎగిరిపడ్డాను. రెండు రోజులకు జ్వరం తగ్గింది, అన్నయ్య ట్రయల్‌కి తీసుకెళ్ళాడు.

ఆసుపత్రిలో వాడి మంచం పక్కన నిలబడి, కాస్త నూనె చూసుకోవచ్చు కదరా అన్నాను. నేనే అన్నాను.

జూన్ 13

సీల్ తిప్పి పెట్టి మూసేస్తే ఎవరికి తెలుస్తుంది?

జూన్ 19

ఇంజన్ మొత్తం దించాను. క్రాంక్ మీద బేరింగులు తిరిగే జర్నల్స్ గీతలు పడి, వేలు పెడితే గోరు తగులుకుంటోంది. బేరింగ్ షెల్స్ పైపూత అరిగి రాగి తేలి ఉన్నాయి. లేత్ షాపాయన క్రాంక్ చేతిలోకి తీసుకుని, నూనె అందక చచ్చిందమ్మా ఇది, నడిపినవాడి తప్పు కాదు, మూసినవాడి చెయ్యి విరగ్గొట్టాలి అన్నాడు. అవునన్నాను.

జూన్ 24

నాన్నకు చెప్పాను. నా మీద విరుచుకుపడతాడనుకున్నాను. ఆయన, బండి పడ్డ రోజు నేను కవర్ తెరవలేదమ్మా అన్నాడు.

తెరవలేదట! నట్టు పోయినా విప్పి చూడందే మాట్లాడని మనిషి, కన్నకొడుకు విషయంలో ఖాళీ ట్యాంకు చూసి చేతులు దులుపుకున్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. నోటికొచ్చినట్టు అరిచాను. తప్పు చేసింది నేను, అరిచింది ఆయన మీద. సిగ్గు లేదు నాకు.

జూన్ 29, ఆదివారం

అన్నయ్య ఇంటికెళ్ళాను. వదిన టీ పెట్టింది. సీల్, పాత షెల్స్ బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను.

తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. సీల్ అటూ ఇటూ తిప్పి చూసి, అయితే ఆ రోజు నేను నూనె చూశానన్నమాట అన్నాడు.

నాకు అర్థం కాలేదు. చెప్పాడు. చూసినట్టే గుర్తుండేదట. నాన్న అంత గట్టిగా చూడలేదనేసరికి చూడలేదేమో అనుకున్నాడట. అప్పట్నుంచీ తన మీద తనకే నమ్మకం పోయిందట. షాపులో ఒక్కో స్ట్రిప్ మూడుసార్లు లెక్కపెడతాడని, కస్టమర్లు వెనకాల నవ్వుతారని వదిన చాలాసార్లు చెప్పింది. వాడి చాదస్తం అనుకుని మేమూ నవ్వాం.

నన్ను క్షమించానని అనలేదు. గుమ్మం దాకా వచ్చాడు, అంతే.

జూలై 5, శనివారం

కొత్త షెల్స్, గ్రైండ్ చేయించిన క్రాంక్, కొత్త సీల్. నోరు కవర్ వైపే. నాలుగుసార్లు బిగించి నాలుగుసార్లు విప్పి చూశాను. అరగంట నడిపాను. వేడి మీద యాభై ఎనిమిది. గేజ్ ముల్లు కదల్లేదు.

రమ్మని అన్నయ్యకు మెసేజ్ పెట్టాను. చూసినట్టు టిక్కులు పడ్డాయి.

జూలై 6, మధ్యాహ్నం 2:40

పొద్దున నేను స్నానంలో ఉండగా అన్నయ్య వచ్చి బండి తీసుకెళ్ళాడు. తాళం నాన్నే ఇచ్చాడట. ఫోన్ ఇంట్లోనే వదిలేశాడని వదిన అంటోంది. ఇంకా రాలేదు. వంతెన దాకా వెళ్ళి చూసొచ్చాను.

వెళ్ళేముందు, మూసింది ఎవరని అడిగాడట. చెల్లే అని నాన్న చెప్పాడట.

సరే అని కిక్ కొట్టాడట.