ట్యాంకు నీడ

ఫిబ్రవరి 16, ఆదివారం. పొద్దున మంచు, తర్వాత మంచి ఎండ. బస్సు పైకెక్కి సోలారు ప్యానెళ్లు తుడిచాను.

ఏమోయ్,

ఇక్కడ నేనూ బస్సూ కులాసా. అక్కడ నువ్వూ, మీ అక్కగారూ, బావగారూ బాగున్నారనుకుంటాను. మోకాలి వాపు తగ్గుతోందని రాశావు. మనసు కాస్త కుదుటపడింది. కాస్తే.

నువ్వడిగినవాటికి జవాబులు. వెనక కిటికీ దగ్గర వాన కారడం ఆగింది, రబ్బరు మార్చాను. ఫ్రిజ్ రాత్రంతా నడుస్తోంది. బస్సులో ముందు సగం నీ కుట్టు దుకాణం, వెనక సగం ఇల్లు అనుకున్నాం గదా, ముందు సగం దాదాపు పూర్తయింది. డ్రైవరు సీటు వెనక అద్దం బిగించాను. కొత్త జాకెట్టు వేసుకుని చూసుకునేవాళ్లు నిలువెత్తునా కనిపిస్తారు. పక్క షెడ్డు వెల్డరు వచ్చి చూసి, "బాబాయ్, ఇదివరకు ఈ బస్సులో జనం వేలాడేవాళ్లు, ఇకమీదట జాకెట్లు వేలాడతాయన్నమాట!" అన్నాడు.

ఇక మోటారు సంగతి. మిషను మోటారూ, ఇస్త్రీ పెట్టే రెండూ యూనిఫారాలు కుట్టే దర్జీకి ఇచ్చేయమన్నావు. "మన సోలారు వాటిని మోయలేదు, తొక్కడం నాకు అలవాటైపోయింది" అని రాశావు. ఆయన నిన్న సంచీ పట్టుకుని వచ్చాడు. నేనివ్వలేదు.

"ఆవిడే ఇమ్మన్నారు కదండీ!"

"ఇవ్వను" అన్నాను. వింత మనిషిని చూసినట్టు చూసి వెళ్లిపోయాడు.

ఎందుకివ్వలేదో మొన్న ఫోనులోనే చెప్పబోయాను. "బ్యాటరీ ఎలా ఉందండీ?" అన్నావు. "బాగుంది" అని పెట్టేశాను. నా నోటి సంగతి నీకు తెలిసిందే. అందుకే కాగితం పట్టుకున్నాను.

చీకటి పడేసరికి బ్యాటరీ దిగిపోతుంటే నేనేమన్నాను? "అంతా నీ ఇస్త్రీ పెట్టె తాగేస్తోంది" అన్నాను. ఇస్త్రీ మానేశావు. "మోటారు కూడా తక్కువదేం కాదు" అన్నాను. మోటారు బెల్టు ఊడదీసి, మిషను కాళ్లతో తొక్కావు. "మీ బ్యాటరీ కన్నా నా మోకాలే నయం, ఎండ లేకపోయినా తిరుగుతుంది" అని ఎకసెక్కమాడావే గానీ ఎదురు చెప్పలేదు. ఆ మోకాలే వాచింది.

తప్పు నీ సామాన్లది కాదు. నీళ్ల ట్యాంకును బస్సు పైన బిగించింది నేను. మధ్యాహ్నం దాటాక దాని నీడ చివరి ప్యానెల్ మీద పడేది. ప్యానెళ్లన్నీ ఒకే వరసలో కలిపాను; కాడి కింద ఒక ఎద్దు చతికిలబడితే బండంతా ఆగినట్టు, ఒకదాని మీద నీడ పడితే మొత్తం చార్జింగే పడిపోయేది. నేను రోజూ పొద్దున్నే ఎక్కి, మీటరు చూసి, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా ఇంత చేశానని మురిసిపోయి దిగేవాణ్ని. చాన్నాళ్లు సాయంత్రం ఒక్కసారి ఎక్కి చూసిన పాపాన పోలేదు.

అంతవరకైతే పొరపాటు. మిగిలింది రాయలేక రాస్తున్నాను. ఆ నీడ నేను చూసింది నువ్వు వెళ్లాక కాదు, ముందే. ట్యాంకు కారుతోందని నీతో అబద్ధమాడి వెనక్కి జరిపాను. ఆ సాయంత్రం బ్యాటరీ నిండుగా ఉంది. నువ్వు మీటరు ముందు నిలబడి, "చూశారా, నేను పొదుపు చేస్తే ఎలా నిలిచిందో!" అని చిన్నపిల్లలా సంబరపడ్డావు. "అవును, ఇలాగే అలవాటు చేసుకో" అన్నాను. నువ్వు తలాడించి, కుంటుకుంటూ వెళ్లి మళ్లీ మిషను తొక్కావు. ఆ చప్పుడు వింటూనే భోంచేశాను.

మోటారు మళ్లీ బిగించాను. పగటిపూట ఇస్త్రీ పెట్టె నిశ్చింతగా వాడుకోవచ్చు. కానీ వచ్చెయ్ అని రాయను, ఆ మాట అనే మొహం నాకు లేదు. రానంటే, నీ మిషనూ గుడ్డలూ అద్దమూ ఇదే బస్సులో తెచ్చి మీ అక్కగారి వాకిట్లో దింపుతాను.

"మా ఆయన లెక్క తప్పరని అక్కతో చెప్పాను" అని రాశావు. ఈ ఉత్తరం ఆవిడకి పైకే చదివి వినిపించు. ఆవిడ ఎన్నన్నా పడతాను. నువ్వేమీ అనకపోతేనే భయం.

ఇట్లు,
నీ ఇంటాయన