నన్ను మూడేళ్లు పెద్దవాణ్ణి చేయమని విన్నపం

జనన మరణాల నమోదు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా రికార్డులో మూడేళ్లు తక్కువ పడిన వయసును సరిచేసి, నన్ను నా చెల్లెలి కంటే పెద్దవాడిగా గుర్తించుట గురించి.

సిటీ బస్సు డ్రైవరుగా పనిచేయుచున్న నేను తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. వయసు తగ్గించమని తమ కార్యాలయానికి రోజూ జనం వస్తారని ఎరుగుదును. నేను పెంచమని వచ్చాను. తమ గుమాస్తా గారు నా కాగితం రెండుసార్లు తిరగేసి, "తగ్గించమనే కదా? పొరపాటున పెంచమని రాశారు" అని దిద్దబోయారు. పొరపాటు కాదు. రికార్డు ప్రకారం నాకు వచ్చే నెల యాభై ఏడు నిండుతాయి. నిజానికి నిండేవి అరవై.

2. నేను ఇంట్లో పుట్టాను గనుక నా పుట్టుకకు కాగితం లేదు. రెండేళ్ల తర్వాత చెల్లెలు ఆసుపత్రిలో పుట్టింది గనుక దానికి ముద్ర కొట్టిన కాగితం ఉంది. మా నాన్న పోయాక అమ్మ ఒక సినిమా స్టూడియోలో వేషాల బట్టలకు ఇస్త్రీ చేసేది. నాకు ఏడేళ్లున్నప్పుడు ఒకరోజు నన్ను వెంట తీసుకెళ్లింది. అక్కడ తలుపు సందులో వేలు నలిగి నేను గగ్గోలు పెడుతుంటే, దర్శకుడు గారు షాటు ఆపి బయటికి వచ్చారు. తిడతారనుకుంది అమ్మ. ఆయన నా గడ్డం పట్టుకుని, "అబ్బ, ఎంత ముద్దుగా ఏడుస్తున్నాడమ్మా! నాకు సరిగ్గా నాలుగేళ్ల పిల్లాడు కావాలి. వీడికెన్నేళ్లు?" అన్నారు.

"నాలుగేనండి" అంది అమ్మ.

నేను పీలగా ఉండేవాణ్ణి కాబట్టి ఆయన నమ్మారు. నేను నోరు తెరవబోతే అమ్మ ఆ నలిగిన వేలే పట్టుకుని నొక్కింది. ఇంకా బాగా ఏడ్చాను. వేషం ఖాయమైంది, స్టూడియో కాగితంలో నా వయసు నాలుగని పడింది.

3. మొదటి సినిమా సగంలో ఉండగా నా ముందు పన్ను ఊడింది. నాలుగేళ్లవాడికి పళ్లు ఊడవు కదా! అమ్మ ఆ పన్నును కొంగున ముడేసుకుని, నన్ను చంకనేసుకుని పళ్ల డాక్టరు గారి దగ్గరకు పరుగెత్తింది. ఆయన నాకు ఒక కట్టుడు పన్ను చేసిచ్చారు. ఒకసారి ఏడుపు సీనులో అది ఊడి ఎగిరి కథానాయిక గారి ఒళ్లో పడింది. ఆ మహాతల్లి దాన్ని గుప్పిట్లో దాచేసి, సీను పూర్తయ్యేదాకా నన్ను గుండెకు హత్తుకునే ఉంది. తర్వాత నా జేబులో వేసి, "జాగ్రత్త నాన్నా, రేపు నవ్వే సీనుంది" అంది. ఎవరికీ చెప్పలేదు.

4. ఐదేళ్లలో పద్నాలుగు సినిమాలు చేశాను. 'మాస్టర్ పిడుగు' అంటే తమ పెద్దలకు గుర్తుండవచ్చును. ఆ సినిమాల్లో తొమ్మిదింట తప్పిపోయాను. పదకొండింట నా తల్లి చనిపోయింది. ఆ తల్లి పోయిన ప్రతిసారీ నా అసలు తల్లి లైట్ల వెనుక పాలగ్లాసు పట్టుకుని నిలబడి ఉండేది. అటు చూస్తే నాకు ఏడుపు ఆగిపోయేది. అందుకని దర్శకుడు గారు, "అమ్మా, నువ్వు కాస్త గోడ చాటుకు పో. నువ్వు బతికే ఉన్నావని వీడికి తెలిసిపోతోంది" అనేవారు.

5. రికార్డు ప్రకారం నాకు తొమ్మిదేళ్లు, నిజానికి పన్నెండు నిండిన రోజుల్లో, "అమ్మా, నన్ను వదిలి వెళ్లకే" అనే మాట మీద నా గొంతు బొంగురుపోయింది. శబ్దగ్రాహకుడు చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసేసి, "ఎవడయ్యా సెట్టులోకి దున్నపోతును తోలుకొచ్చింది?" అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే గొంతుతో. మరునాడు స్టూడియో కారు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. నేను మొహానికి పౌడరు రాసుకుని కిటికీ దగ్గరే కూర్చున్నాను. మూడో రోజు అమ్మ తడిగుడ్డతో నా మొహం తుడిచి, "పద, బడికి పోదాం" అంది.

6. బడిలో వయసు రుజువుకు స్టూడియో కాగితమే చూపించాం. తొమ్మిదేళ్లని నాలుగో తరగతిలో వేశారు. బెంచీ కింద నా మోకాళ్లు పట్టేవి కావు. గోడకు పటం తగిలించాలంటే మేష్టారు నన్నే పిలిచేవారు. తోటి పిల్లలు నన్ను 'పిడుగు మామయ్య' అనేవారు. ఆ తప్పు తేదీయే తమ రికార్డులోకీ ఎక్కి, బడి నుండి ఉద్యోగం దాకా నా వెంట వచ్చింది. నాకు వేరే బాధ లేదు. బస్సు నడపడం నాకిష్టం. మొన్న ఒక ముసలావిడ దిగబోతూ అద్దంలో నన్ను తేరిపార చూసి, "నువ్వు సినిమాల్లో తప్పిపోయే పిల్లాడివి కదూ? పోన్లే నాయనా, దొరికావు!" అని భుజం తట్టి దిగింది.

7. ఇప్పుడు ఎందుకు అడుగుచున్నానంటే, మా అమ్మకు ఎనభై నాలుగు. చూపు మందగించింది. పగలంతా ఇంట్లో ఒక్కతే గోడలు పట్టుకుని తిరుగుతోంది. అరవై నిండినవాడిని ఇంటికి పంపుతారు. యాభై ఏడేళ్లవాడిని పంపరు. ఒకరోజు భోజనం దగ్గర తనే అంది: "నీ వయసులో మూడేళ్లు కొట్టేశాను రా. కళ్లు పూర్తిగా పోకముందే తిరిగిచ్చేయాలి. ఆఫీసుకు తీసుకెళ్లు, నేనే చెబుతాను."

8. రుజువులు: (అ) తొంభై ఏళ్ల పళ్ల డాక్టరు గారి ఉత్తరం. "ఏడేళ్లవాడి పన్నే. నాలుగని ఆ తల్లి చెప్పినప్పుడు నేను నవ్వకుండా ఊరుకున్నాను, నేను చేసిన సాయం అంతే" అని ఆయన స్వదస్తూరితో రాశారు. (ఆ) సాక్షిగా నా చెల్లెలి సంతకం. కాగితాల్లో అది నాకంటే ఏడాది పెద్దది. నలభై ఏళ్లుగా "ఒరేయ్ తమ్ముడూ, అక్క మాట వినాలి" అని నా చేత చాకిరీ చేయిస్తోంది. "ఈ వయసులో నన్ను మళ్లీ చెల్లెల్ని చేస్తావా?" అని ముక్కు చీదుకుంటూనే సంతకం పెట్టింది.

9. తమ దరఖాస్తులో చివరి గడి: 'తప్పు సమాచారం ఇచ్చిన వ్యక్తి పేరు, సంబంధం.' అది ఖాళీగా వదిలాను. గుమాస్తా గారు, "ఖాళీగా ఉంటే తీసుకోం. ఎవరి పేరైనా ఉండాలి" అంటున్నారు. అయ్యా, ఇద్దరు పిల్లలతో, ఇస్త్రీపెట్టె కాలిన మచ్చల చేతులతో నిలబడ్డ మనిషి ఒక్క మాట తప్పు చెప్పింది. ఆ పేరు నేను రాయలేను. కావలసి ఉంటే నా పేరు రాసుకోండి. అప్పుడు నిజం తెలిసి నోరు మూసుకున్న రెండో మనిషిని నేనే.

కావున తమరు పై సంగతులు దయతో చిత్తగించి, నా మూడేళ్లు నాకు ఇప్పించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
సిటీ బస్సు డ్రైవరు
(పూర్వపు మాస్టర్ పిడుగు)

తా.క.: ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. దున్నపోతు దగ్గర పకపకా నవ్వింది. తొమ్మిదో అంశం దగ్గర "పెన్నివ్వు" అంది. ఇవ్వనన్నాను. "నేను నీకంటే పెద్దదాన్నే కదరా, ఏ రికార్డు ప్రకారమైనా?" అంది. ఇచ్చాను. దరఖాస్తు మీద తడుముకుంటూ పేరు రాసి, సంబంధం దగ్గర 'అమ్మ' అని రాసింది. చూపు ఆనక ఆ 'అమ్మ' గడి దాటి, 'అధికారుల ఉపయోగార్థం మాత్రమే' అన్న చోట పడింది. కొట్టివేయడానికి నాకు చేతులు రాలేదు. తమరు కూడా కొట్టివేయకండి. కావాలంటే సంతకం దాని పక్కన పెట్టండి, చోటుంది.